మేఘగర్భమున నీరెంత? — విమానములనుండి వానమబ్బుల పరీక్ష

పానకాలస్వామి కొండ నెత్తిన మబ్బు కూర్చున్నదా, లేచిపోయినదా యని చూచి ఆ పూట పనిని నిర్ణయించుకొనుట మంగళగిరి ప్రాంతపు రైతునకు పుట్టుకతోడ అబ్బిన విద్య. కార్తెలు లెక్కించుట, గాలి తిరుగుట కనిపెట్టుట, తూనీగల గుంపులను చూచి వానను పసిగట్టుట యును అట్టివే. ఈ విద్యను మేము తక్కువ చేయబోము. కాని దీనికొక హద్దు గలదు. మన కన్ను మబ్బు అడుగును, అంచును మాత్రమే చూడగలదు. దాని కడుపున నీరెంత యున్నదో, ఆ నీరు చినుకుగా మారినదో లేదో, సముద్రముమీద రెండు మూడువందల మైళ్ల యవతల ఏమి కూడుకొనుచున్నదో అది చూడజాలదు.

ఈ హద్దు మనకెంత ఖరీదైనదో 2023వ సంవత్సరము డిసెంబరు మొదటి వారమున మనలో ననేకులు అనుభవించితిమి. పైరు పండి, కోతలు సాగుచున్న దినములవి. బంగాళాఖాతమున వాయుగుండము అప్పటికే యేర్పడెను. అయినను ఇచటి యాకాశమున దాని గుర్తులు స్వల్పముగనే యున్నవని మా యెఱిగిన రైతులు కొందఱు కోసిన వరిని పనలమీదనే యుంచిరి. కొందఱు మాత్రము కూలి యెక్కువైనను ఇంటిల్లిపాదియు దిగి కుప్పవేసికొనిరి. 5వ తేదీన ‘మిచాంగ్’ తుపాను బాపట్ల చేరువను తీరము దాటెను. పనలమీది గింజ నీట నాని మొలకలెత్తెను. కుప్పలోని గింజ చాలవఱకు దక్కెను. ఇరువురి శ్రమయు ఒక్కటే, ఇరువురి నేలయు ఒక్కటే. ముందుగా తెలియుటయు, తెలిసినదానిని నమ్ముటయు మాత్రమే వారి నడుమనున్న భేదము.

కావున వానమబ్బును లోపలినుండి పరీక్షించుటకై శాస్త్రజ్ఞులు ఏమి చేసిరో, అందులో మన తెలుగునాట జరిగినదేమో, దానివలన మన పొలమునకు కలుగు ప్రయోజనమేమో ఈ నెల మా పాఠకులకు విన్నవింపదలచితిమి.

మబ్బులోనిదంతయు వాన కాదు

మబ్బనగా నీటి ఆవిరి కాదు. ఆవిరి కంటికి కనబడదు. గాలి పైకి లేచి చల్లబడినపుడు, అందలి ఆవిరి ధూళి, ఉప్పు, పొగ మున్నగువాని సన్నని రేణువులను ఆధారము చేసికొని నీటి బిందువులుగా మారును. ఈ బిందువుల సమూహమే మబ్బు. ఒక్కొక్క బిందువు వెడల్పు సుమారు మిల్లీమీటరులో నూఱవ వంతు మొదలు ఏబదవ వంతు వఱకు నుండును. ఇంత తేలికయైన బిందువు నేలకు పడజాలదు. గాలిలో తేలుచునే యుండును.

నేల తడుపు చినుకో, ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు గలది. లెక్క చూడుడు: వెడల్పు నూఱురెట్లయిన, నీరు నూఱును మూడుమార్లు హెచ్చించినంత, అనగా పదిలక్షల రెట్లగును. పదిలక్షల మేఘబిందువులు ఏకమైనగాని ఒక పెద్ద చినుకు పుట్టదు. మన సహకార సంఘములకు ఇంతకంటె తగిన ఉపమానము వేఱొకటి యుండబోదు. ఏకమగుట జరుగని మబ్బు ఎంత నల్లగ కనబడినను మన పొలముమీదుగ సాగిపోవును. ‘మబ్బు వచ్చెను గాని వాన రాలేదు’ అని మనము వాపోవుట కిదియే కారణము.

మన వానకాలమున సుమారు 5 కిలోమీటర్ల యెత్తున గాలి మంచుగడ్డ కట్టునంత చల్లగ నుండును. గొప్ప మబ్బులు 15 కిలోమీటర్లకు పైబడి పెరుగును. కనుక వాని క్రింది భాగమున నీటి బిందువులు, పైభాగమున మంచు పలుకులు, నడుమ రెండును కలిసియుండును. కుంభవృష్టి కురియు మబ్బులో ఈ మంచు పాత్ర మిక్కిలి గొప్పది. దీనిని జ్ఞాపకముంచుకొనుడు, ముందుకు పనికివచ్చును.

విమానములు మబ్బు జొచ్చుట

తుపాను గర్భమునకు కావలెనని విమానము నడపిన మొదటివాడు అమెరికా సైన్యమునకు చెందిన జోసెఫ్ డక్‌వర్తు. 1943వ సంవత్సరము జూలై 27వ తేదీన టెక్సాసు తీరమున, శిక్షణకు వాడు చిన్న విమానముతో నతడు ఆ సాహసము చేసెను. యుద్ధము ముగిసిన పిమ్మట 1946లో ఫ్లోరిడాయందును, 1947లో ఒహాయోయందును ఉఱుములతో కూడిన మబ్బులలోనికి పలుయెత్తులందు ఒకేమాఱు విమానములను పంపి, నేలమీద రాడారుతో వానిని చూచుచు గొప్ప పరిశోధన జరిపిరి. హోరేసు బయర్సు, రాస్కో బ్రేహాము అనువారు ఆ పరిశోధన ఫలితములను వెల్లడించిరి.

అందువలన తేలినదేమన, ఉఱుము మబ్బునకును బాల్య, యౌవన, వార్ధక్యములు గలవు. మొదటి దశలో గాలి పైకి మాత్రమే లేచును. రెండవ దశలో వాన పడుచు, చల్లని గాలి క్రిందికి దిగును. మూడవ దశలో ఆ దిగుగాలియే మబ్బు ప్రాణమును తీయును. ఒంటి మబ్బు యొక్క ఆయుర్దాయము అరగంట మొదలు గంట వఱకే. వేసవి సాయంకాలములందు ఒక ఊర కురిసి ప్రక్క ఊర కురియని వానను ముందునాడే చెప్పుట యేల కష్టమో దీనినిబట్టి గ్రహింపవచ్చును. ఇక వాయుగుండములు, తుపానులు దినముల తరబడి బ్రదుకును. కావున వానిని రెండు మూడు దినములు ముందుగనే పసిగట్టవచ్చును. ఈ రెండు విధముల వానలకు రెండు విధముల జాగ్రత్త కావలయును.

సూక్ష్మతరంగముల కన్ను

మబ్బులోనికి ప్రతిమాఱు దూరుట ప్రమాదకరము. అన్ని మబ్బులలోను దూరుట అసాధ్యము. కనుక దూరమునుండి మబ్బు లోపలిని చూడగల సాధనము కావలసి వచ్చెను. మన కంటికి కనబడు వెలుగు మబ్బు నంటినతోడనే చెదరిపోవును. కాని మిల్లీమీటరు మొదలు కొన్ని సెంటీమీటర్ల పొడవుగల విద్యుత్తరంగములు మబ్బును చొచ్చుకొని పోగలవు. వీనినే సూక్ష్మతరంగములు లేక మైక్రోవేవులు అందురు. వీనితో పనిచేయు సాధనములు రెండు తెగలు.

మొదటి తెగ రాడారు. ఇది తానే తరంగమును పంపి, చినుకులను తగిలి మఱలివచ్చు ప్రతిధ్వనిని పట్టుకొనును. చినుకు వెడల్పు రెండింతలైన ప్రతిధ్వని అఱువది నాలుగింతలగును. అందుచేత రాడారు మబ్బునందలి సన్నబిందువులను చాలవఱకు విడిచి, వానచినుకులను స్పష్టముగ చూపును. ప్రయాణికుల విమానముల ముక్కునందు నుండు రాడారు సుమారు 3 సెంటీమీటర్ల తరంగముతో పనిచేయును. దానికొక లోపము గలదు: జడివాన అడ్డువచ్చినచో ఆ తరంగము అందులోనే క్షీణించి, వెనుకనున్న మఱింత గొప్ప వానను కప్పిపుచ్చును. 10 సెంటీమీటర్ల తరంగమునకు ఈ బాధ మిక్కిలి తక్కువ. కాని దానికి పెద్ద పళ్లెము కావలయును గనుక అది నేలమీదనే నిలుపబడును.

రెండవ తెగ రేడియోమీటరు. ఇది ఏమియు పంపదు, ఊరక ఆలకించును. లోకమున ప్రతి వస్తువును తన వేడిమినిబట్టి కొంత సూక్ష్మతరంగ కాంతిని వెదజల్లుచునే యుండును. అమెరికాయందు రాబర్టు డికీ యను శాస్త్రజ్ఞుడు ఇట్టి సన్నని కాంతిని కొలుచు సాధనమును కల్పించి 1946లో ప్రకటించెను. నీటి ఆవిరి సుమారు 1.35 సెంటీమీటర్ల తరంగమువద్దను, మఱల 1.6 మిల్లీమీటర్ల తరంగమువద్దను విశేషముగ మెఱయును. ఆ తావులందు చెవియొగ్గిన, గాలిలో ఆవిరి యెంత గలదో తెలియును.

విమానముమీదనుండి క్రిందికి చూచునపుడు సముద్రమునకును నేలకును గొప్ప భేదము గలదు. సముద్రపు నీరు ఈ తరంగములందు చల్లనిదానివలె, చీకటిగా కనబడును. దానిపై వాన నీటితో నిండిన మబ్బు వెలుగుచు కనబడును. కనుక సముద్రముపై వానను కొలుచుట సులభము. నేలయో, తానే ప్రకాశించును. వెలుగు గోడ ముందు దీపమువలె, వాననీరు ఇచట మరుగుపడిపోవును. నేలమీద వానను కనుగొనుటకు మబ్బుపై భాగమందలి మంచు పలుకులే శరణ్యము. మూడు నాలుగు మిల్లీమీటర్లును, అంతకు తక్కువయు నగు తరంగములను ఆ మంచు చెదరగొట్టును. అందుచే మంచుగల గొప్ప మబ్బు చల్లని మచ్చవలె కనబడును. మచ్చ యెంత చల్లనైన, క్రింద వాన అంత జోరుగ నుండునని యూహింతురు. ఇది యూహయే గాని ప్రత్యక్ష ప్రమాణము కాదని పాఠకులు గమనింతురు గాక.

అమెరికా వారి ‘ఈఆర్-2’ విమానము సుమారు 20 కిలోమీటర్ల యెత్తున, అనగా తుపాను మబ్బుల నెత్తిమీదుగ నెగురుచు నిట్టి రేడియోమీటరుతో వానను పరీక్షించినది. అంత దగ్గఱనుండి చూచుటచే ఆఱేడువందల మీటర్ల వెడల్పు గల తావును గూడ అది వేఱుపఱచి చూపగలదు. ఉపగ్రహము దేశమంతయు చూచును గాని దాని చూపు ముదుక. విమానము కొలదిచోటనే చూచును గాని దాని చూపు నిశితము. విమానము నేర్పిన పాఠముతో ఉపగ్రహము చూపును సరిదిద్దుటయే ఈ పరీక్షల ముఖ్యోద్దేశ్యము.

మన యాకాశమున జరిగిన పరీక్షలు

1979వ సంవత్సరమున ‘మోనెక్సు’ అను అంతర్జాతీయ ఋతుపవన పరిశోధన జరిగినది. అమెరికా పరిశోధక విమానములు మొదట బొంబాయినుండి అరేబియా సముద్రముమీదను, జూలైలో కలకత్తానుండి బంగాళాఖాతముమీదను ఎగిరినవి. అందు రాడారు గల విమానమును గలదు. మన డెల్టాకు వాన తెచ్చు వాయుగుండములు ఎట్లు పుట్టునో ఆ దినములలో దగ్గఱగ చూచిరి. ఆ సంవత్సరమే జూన్ 7వ తేదీన మన దేశపు ‘భాస్కర’ ఉపగ్రహము రష్యా భూమినుండి ఎగసినది. దానియందు మనవారు నిర్మించిన సూక్ష్మతరంగ రేడియోమీటరు ‘సమీర్’ యుండెను. దాని యొక్కొక్క చూపు నూఱు కిలోమీటర్లకు మించిన వెడల్పు గలది. అయినను సముద్రముపై ఆవిరిని, నీటిని అంతరిక్షమునుండి కొలుచుటలో అది మనకు ఓనమాలు.

తెలుగునాట మబ్బులలోనికి విమానమును పంపి క్రమముగ పరీక్షించినది పూనాలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ. ‘కైపెక్సు’ అను పేర 2009లో ఆరంభించిన ఆ పనియందు హైదరాబాదు ఒక ముఖ్యస్థానము. 2010, 2011 సంవత్సరములందును విమానములు హైదరాబాదునుండి ఎగిరినవి. విమానపు రెక్కలకు అమర్చిన సాధనములు లేజరు వెలుగుతో మబ్బులోని బిందువులను లెక్కించి, వాని పరిమాణమును కొలిచినవి. 2011లో మహబూబునగరమున నేలమీద సూక్ష్మతరంగ రేడియోమీటరు నిలిపి, పైగాలియందలి వేడిమిని, తేమను ఎడతెగక కొలిచిరి. పైనుండి విమానము, క్రిందినుండి రేడియోమీటరు ఒకే ఆకాశమును పరీక్షించుట యన్నమాట.

ఇందు తేలిన ముఖ్యాంశము రైతునకు తెలియదగినది. గాలియందు పొగ, ధూళి యధికమైన, ఉన్న ఆవిరిని ఎక్కువ రేణువులు పంచుకొనును. బిందువులు అసంఖ్యాకములై, ఒక్కొక్కటి మిక్కిలి చిన్నదగును. చిన్న బిందువులు తేలికగ ఏకము కావు. అందుచే అట్టి మబ్బు మఱింత యెత్తు పెరిగినగాని చినుకు పుట్టదు. మనము పొలములందు కొయ్యకాళ్లకు నిప్పుపెట్టునపుడు లేచు పొగయు ఇట్టి రేణువులలోనిదే. ఒక్క పొలపు పొగ వానను ఆపునని మేము చెప్పుట లేదు; కాని ఆకాశమునకు మనమును కొంత లెక్క చెప్పవలసినవారమే.

2011 అక్టోబరు 12వ తేదీన మన శ్రీహరికోటనుండియే ‘మేఘ-ట్రోపిక్సు’ అను ఉపగ్రహము ఎగసినది. ఇది భారత, ఫ్రెంచి దేశముల ఉమ్మడి కృషి. ఉష్ణమండలపు మబ్బులకై యుద్దేశింపబడినది. దానియందలి వానను కొలుచు ‘మద్రాసు’ అను సాధనము 2013 ఆరంభముననే పాడయ్యెను. ఆవిరిని కొలుచు ‘సాఫిరు’ మాత్రము ఏండ్ల తరబడి పనిచేసినది. 2023 మార్చి 7వ తేదీన ఆ ఉపగ్రహమును సముద్రముపైకి దింపి ముగించిరి.

అయినను ఒక కొఱత చెప్పక తీఱదు. అమెరికాయందు తుపాను వచ్చినపుడెల్ల విమానములు దాని నడిబొడ్డునకు పోవును. వానియందలి రేడియోమీటరు సముద్రపు నురుగునుబట్టి గాలి వేగమును, వాన జోరును చెప్పును. బంగాళాఖాతపు తుపానులకు ఇట్టి విమాన పరీక్ష మనకింతవఱకును నిత్యకృత్యము కాలేదు. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనను మఱువని మన డెల్టాకు ఇది చిన్న కొఱత కాదు.

మచిలీపట్నపు రాడారు, 2024 వరద

మనకు అన్నిటికంటె చేరువనున్న సూక్ష్మతరంగ సాధనము మచిలీపట్నమందలి డాప్లరు రాడారు. ఇది 10 సెంటీమీటర్ల తెగకు చెందినది. మంగళగిరికి అది గాలిదారిని సుమారు 65 కిలోమీటర్లు మాత్రమే గనుక, మన మీది వానను అది చక్కగ చూడగలదు. కాని భూమి గుండ్రనిది గదా! 200 కిలోమీటర్ల దూరమునకు పోవుసరికి దాని క్రింది కిరణము గూడ నేలకు సుమారు 4 కిలోమీటర్ల పైగ పోవును. అంత దూరపు సముద్రముమీద మబ్బుల అడుగు దానికి కనబడదు. అచట ఉపగ్రహము, విమానము కావలయును.

2024 ఆగస్టు 31వ తేదీన, మఖ వెడలి పుబ్బ ప్రవేశించు సంధి దినములలో, విజయవాడ ప్రాంతమున ఒక్క దినమున పాతిక సెంటీమీటర్లకు పైబడి వాన కురిసెను. ఆ వాయుగుండము తీరము దాటినది కళింగపట్నమువద్ద, మనకు సుమారు 400 కిలోమీటర్ల దూరమున. అదియు మఱునాటి తెల్లవాఱుజామున. కుంభవృష్టి మాత్రము అంతకు ముందే మన నెత్తిన పడెను. బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచెను. 1957లో నిర్మింపబడిన ప్రకాశము బ్యారేజి యెన్నడు నెఱుగని విధమున 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు దగ్గఱ ప్రవాహమును చూచెను.

దీనివలన మనము నేర్వవలసిన పాఠమొకటి. ‘వాయుగుండము ఫలానా యూర తీరము దాటును’ అని విని, అది దూరమని నిశ్చింతగ నుండరాదు. గుండము నడుమ ఒకచోట, వాన గుంపు వేఱొకచోట నుండవచ్చును. తీరము దాటు తావు కంటె, మన జిల్లాకు చెప్పిన వాన హెచ్చరికయే మనకు ముఖ్యము.

మేఘమథనమను మాట

మబ్బును పరీక్షింపగల విమానము మబ్బునుండి వాన పిండలేదా యని కొందఱు సభ్యులు మమ్మడుగుచున్నారు. 2003 మొదలు కొన్నియేండ్లు మన రాష్ట్రమున మేఘమథనము జరిగినమాట నిజము. పూనా సంస్థవారు 2018, 2019 సంవత్సరములందు షోలాపురమువద్ద జాగ్రత్తగ పరీక్షించి, అనుకూలమైన మబ్బులయందు వాన సుమారు నూటికి 18 వంతులు హెచ్చినదని ప్రకటించిరి. ఇది లేని మబ్బును పుట్టించుట కాదు. ఉన్న మబ్బుకు కొంత తోడుపడుట మాత్రమే. దీనిని నమ్ముకొని చెఱువు పూడికతీత మానుట వివేకము కాదు.

మనము చేయవలసినవి

మొదటిది: ప్రతి సంఘ కార్యాలయము ఎదుట ఒక వానమాపకము నిలుపవలెను. చెట్లకు, గోడలకు దూరముగ నుంచి, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు చూచి వ్రాయవలెను. రాడారుగాని, రేడియోమీటరుగాని చెప్పునది అంచనా; దానిని సరిచూచునది నేలమీది వానమాపకమే. ఎకరమునకు ఒక సెంటీమీటరు వాన సుమారు 40 వేల లీటర్ల నీరు. ఈ లెక్క తెలిసిన రైతు ఎరువు వేయుటకును, నీరు పెట్టుటకును తొందరపడడు.

రెండవది: హెచ్చరికలోని మాటల కొలత తెలిసికొనవలెను. ఒక దినమున సుమారు 6.5 మొదలు 11.5 సెంటీమీటర్ల వఱకైన ‘భారీ’, అటుపైన 20.4 వఱకు ‘అతిభారీ’, దానిని మించిన ‘అత్యంత భారీ’ వర్షమని వాతావరణ శాఖవారి లెక్క. పసుపు రంగు గమనింపుమనియు, నారింజ సిద్ధపడుమనియు, ఎఱుపు వెంటనే పూనుకొనుమనియు చెప్పును. ఈ పట్టికను సంఘపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

మూడవది: రెండు విధముల వానకు రెండు ఏర్పాట్లు. వాయుగుండపు వార్త రెండు మూడు దినములు ముందు వచ్చును. అది కోత నాపుటకు, కోసినదానిని కుప్పవేయుటకు, కళ్లములోని ధాన్యమును తరలించుటకు చాలును. ఉఱుము మబ్బు వార్త గంట రెండుగంటలు ముందే వచ్చును. అది బరకములు కప్పుటకు, పశువులను, మనుష్యులను చెట్ల క్రిందినుండి ఇంటికి చేర్చుటకు మాత్రమే చాలును. మచిలీపట్నపు రాడారు చిత్రములు చేతి ఫోనునందే చూడవచ్చును. గడచిన గంటలో వానమచ్చ ఎటు సాగినదో చూచిన, రాబోవు గంటలో ఎటు పోవునో చాలవఱకు తెలియును. పిడుగులకు ‘దామిని’యు, సేద్యపు సలహాలకు ‘మేఘదూత్’యు గలవు. మన ప్రక్కనే తాడేపల్లి వద్ద కుంచనపల్లిలో నున్న విపత్తు నిర్వహణ సంస్థ హెచ్చరికలును ఫోనులకు వచ్చుచున్నవి.

నాలుగవది: వార్త తెలిసియు చేయి ఆడనివాడు తెలియనివానితో సమానుడు. నాడు పనలమీద ధాన్యము విడిచినవారిలో కొందఱికి బరకములు లేవు, కొందఱికి కూలీలు దొరకలేదు. కనుక బరకములను సంఘము ఉమ్మడిగ కొని నిలువయుంచుటయు, తుపాను వార్త వచ్చిననాడు ఎవరి కళ్లమునకు ఎవరు సాయము పోవలెనో ముందుగనే వ్రాసికొనుటయు, వానకాలమునకు ముందే మురుగు కాలువల గుఱ్ఱపుడెక్కను తీయించుటయు మన చేతిలోని పనులు. కౌలు రైతును ఇందులో మఱువరాదు. నష్టము మొదట తగులునది వానికే.

ఆకాశమున నెగురు విమానము, అంతరిక్షమునందలి కన్ను, మచిలీపట్నపు పళ్లెము ఎన్ని యున్నను, చివరకు ధాన్యమును తడియకుండ కాపాడునది రైతు చేయియే. ఆ చేతికి వేళకు వార్త అందించుట శాస్త్రము పని. అందిన వార్తను పదిమందికి చేర్చి పదిచేతులను కూడగట్టుట సంఘము పని. పదిలక్షల బిందువులు ఏకమైనగాని చినుకు పుట్టదని పైన వ్రాసితిమి. వచ్చెడి కోతల నాటికి మన సంఘములన్నియు వానమాపకములను నిలిపి, బరకములను సమకూర్చుకొని సిద్ధముగ నుండునని ఆశించుచున్నాము.